గట్టు మీది నారు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం, వృక్షశాస్త్రం)

ఈ సావనీరుకి ఏదైనా వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు మా యూనియన్ మిత్రులు, "నువ్వు రైతుబిడ్డవి, పైగా బోటనీ. మిరప తెగుళ్ళ మీద వ్రాయి, బావుంటుంది" అన్నారు. సరేనని కూర్చుని నాలుగు పేజీలు వ్రాశాను. తీరా చదువుకుంటే అది నా రికార్డు బుక్కులాగే ఉంది. చించేశాను. నాకు అంతకంటే బాగా తెలిసిన సంగతి ఇంకొకటుంది. దాన్ని ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో నా గదివాళ్ళకి కూడా, "మా అమ్మమ్మకి ఒంట్లో బాగుండదు, అందుకని అమ్మ అక్కడుంటోంది" అని చెబుతూ వచ్చాను. వాళ్ళు ఈ వ్యాసం చదివి నన్ను క్షమించాలి.

సంగతి ఏమిటంటే, మా అమ్మా నాన్నా విడిపోయారు. అప్పుడు నేను ఏడో తరగతిలోకి వచ్చాను. మా చెల్లాయి మూడో తరగతి.

తల్లిదండ్రులు విడిపోతే పిల్లల చదువు చెడిపోతుందని అందరూ అంటారు. నిజమేనా? నిజమే అయితే, చెడేది విడిపోవడం వల్లనా, మరి దేనివల్లనైనానా? నా చదువు చెడింది. మా చెల్లాయి చదువు చెడలేదు. ఒకే ఇంటి పిల్లలం, ఒకే తగాదా చూసినవాళ్ళం. మరి ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం పీడించింది. నాకు తోచిన జవాబు మీ ముందు పెడుతున్నాను.

* * *

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా. అమ్మ పుట్టిల్లు చిలకలూరిపేట అవతల, గుంటూరు జిల్లాలో. అక్కడా ఇక్కడా నల్లరేగడి నేలలే, పత్తీ మిరపా పంటలే. "నేలా నేలా కలిసింది, ఇంక మనుషులు కలవడమెంతసేపు?" అని సంబంధం కుదిర్చినాయన అన్నాడట!

మాకు సొంతం రెండెకరాలు. అమ్మకి పసుపుకుంకుమల కింద పుట్టింటివారిచ్చిన అరెకరం వేరే. 2016లో మిర్చి క్వింటాలు పదివేలు దాటి పలికింది. దాంతో ఊరు ఊరంతా మిరపే వేసింది. నాన్న మరో మూడెకరాలు కౌలుకి తీసుకున్నాడు. నారు, మందులు, కోత కూలి, కౌలు... అంతా అప్పే. 2017 వేసవికి గుంటూరు యార్డులో ధర మూడు, నాలుగు వేలకి దిగింది. మే నెలలో కేంద్ర ప్రభుత్వం క్వింటాలు 5,000 రూపాయలకి కొనే పథకం ప్రకటించింది గాని, అప్పటికే మా సరుకులో సగం పైన వచ్చిన ధరకి పోయింది. మిగిలిన టిక్కీలు కోల్డ్ స్టోరేజిలో వేసి, ధర వస్తుందని నాన్న ఎదురుచూశాడు. వడ్డీ ఎదురుచూడదు కదా!

ఆ వేసవిలోనే అమ్మ అరెకరం కాగితాలు వడ్డీవ్యాపారి దగ్గర ఉన్నాయన్న సంగతి బయటపడింది. అమ్మకి చెప్పకుండా నాన్న పెట్టాడు. "అడిగితే ఇవ్వనా? అడక్కుండా ఎందుకు తీశావు?" అన్నది అమ్మ మాట. "ఎవరికోసం తీశాను? నాకోసమా?" అన్నది నాన్న మాట. ఈ రెండు మాటలే నెలా పదిహేను రోజులు మా ఇంట్లో తిరిగాయి. నాన్న చెయ్యి చేసుకున్నాడా అంటే, ఒక రాత్రి చేసుకున్నాడు. దాచి ప్రయోజనం లేదు. చెల్లాయి దుప్పట్లో నా చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంది. తెల్లారి ఆ చేతికి గోళ్ళ గుర్తులున్నాయి.

జూన్‌లో బడులు తెరిచే ముందు పెద్దమనుషులు రామాలయం దగ్గర కూర్చున్నారు. అమ్మ తరఫున మామయ్య, మరో ఇద్దరు వచ్చారు. కాగితం వ్రాశారు. ఆ కాగితం నేను ఇంటర్మీడియట్‌లో ఉండగా చూశాను. అరెకరం ఎప్పటికి విడిపించాలి, అమ్మ నగలు ఎన్ని కాసులు, మోటారు ఎవరిది, పాడిగేదె ఎవరిది... అన్నీ వివరంగా ఉన్నాయి. మోటారుకీ గేదెకీ మధ్య ఒక్క వాక్యం: "మగపిల్లవాడు తండ్రి వద్దను, ఆడపిల్ల తల్లి వద్దను ఉండగలందులకు." అంతే! ఎవరు ఏ బడిలో చదవాలి, పుస్తకాలు ఎవరు కొనాలి, ఒకళ్ళనొకళ్ళు ఎప్పుడు చూసుకోవాలి, ఏమీ లేదు. గేదె ఈనితే దూడ ఎవరిదో కూడా వ్రాశారు!

వాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. ఎండలో పొద్దుటినించి సాయంత్రందాకా కూర్చున్నారు. వాళ్ళకి తోచలేదు, అంతే. మమ్మల్ని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. మేమిద్దరం ఆ పక్కనే అరుగు మీద కూర్చుని ఉన్నాం.

* * *

ఇక్కడినించి మా ఇద్దరి కథలూ వేరు.

అందరూ నన్ను అదృష్టవంతుణ్ణి అన్నారు. ఇల్లు మారలేదు, బడి మారలేదు, స్నేహితులు మారలేదు. వండిపెట్టడానికి నాయనమ్మ ఉంది. పాపం చెల్లాయే ఊరు మారింది, బడి మారింది, మేనమామ ఇంట్లో ఉండాల్సివచ్చింది. కాబట్టి దాని చదువు దెబ్బతింటుందనీ, నాది నిలుస్తుందనీ లెక్క. జరిగింది సరిగ్గా తలకిందులు.

ఎందుకంటే నేను కబుర్లు మోశాను.

ప్రతి ఆదివారం పొద్దున్నే పర్చూరులో చిలకలూరిపేట బస్సు ఎక్కేవాణ్ణి. ఎక్కేముందు నాన్న చెప్పేవాడు: "మీ అమ్మతో చెప్పు, ఆ కాగితం సంకురాత్రికి గాని రాదని. తొందరపడబాక అని చెప్పు." అక్కడ దిగగానే మామయ్య అడిగేవాడు: "ఏరా, మీ నాయన తాగుతున్నాడా? టిక్కీలు అమ్మాడా? ఎంతకి అమ్మాడు?" సాయంత్రం తిరిగొస్తే నాన్న అడిగేవాడు: "ఎవరొచ్చారు? ఏం మాట్లాడుకున్నారు? నాగురించి ఏమన్నారు?" నేను రెండువైపులా అబద్ధాలు నేర్చుకున్నాను. అమ్మ ఏడ్చిన సంగతి ఇక్కడ చెప్పేవాణ్ణి కాదు. నాన్న రెండు రోజులు అన్నం తినని సంగతి అక్కడ చెప్పేవాణ్ణి కాదు. ఎవరికి ఏం చెప్పానో గుర్తుపెట్టుకోవాలి కదా! అబద్ధం ఆడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. నా జ్ఞాపకశక్తి అంతా దానికే ఖర్చయిపోయింది.

సోమవారం మొదటి పీరియడ్ లెక్కలు. బల్లమీద పుస్తకం తెరిచే ఉండేది. "ఒక సంఖ్యకు మూడు రెట్లు..." అని మేష్టారు మొదలుపెట్టేవారు. నాకు మాత్రం, "నిన్న అమ్మతో సంకురాత్రి అన్నానా, ఉగాది అన్నానా?" అని అనుమానం. మనిషి మనస్సు ఒక్కసారికి కొద్ది విషయాలనే పట్టుకోగలదనీ, దిగులు ఆ కొద్ది చోటునీ ఆక్రమిస్తుందనీ తర్వాత చదువుకున్నాను. అప్పుడు తెలిసింది ఒకటే, లెక్కల్లో పదిహేడు మార్కులొచ్చాయని. అంతకుముందు ఏడాది క్లాసులో రెండోవాణ్ణి.

నాయనమ్మ ఊదీ పెట్టించింది. నాన్న కొట్టాడు. "తల్లి లేని ఇల్లు, ఇంతే" అన్నారు ఇరుగుపొరుగు.

* * *

ఎనిమిదో తరగతిలో లెక్కల మేష్టారు మారారు. కొత్తాయన నన్ను రెండు నెలలు గమనించి, ఒకరోజు మధ్యాహ్నభోజనం అయ్యాక పిలిచారు. "శుక్రవారం నీకు లెక్క వస్తుంది. సోమవారం రాదు. ఆదివారం ఏం చేస్తావురా?" అన్నారు.

మిత్రులారా, ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. "ఎందుకు చదవడంలేదు?" అని అందరూ అడిగారు. దానికి నాదగ్గర జవాబు లేదు. "ఆదివారం ఏం చేస్తావు?" అంటే జవాబుంది. చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా.

ఆయన ఒక సాయంత్రం మోటారుసైకిలు మీద మా చేలోకి వచ్చారు. నాన్న మిరపకి నీళ్ళు కడుతున్నాడు. "అన్నా, మీ ఇంటి సంగతుల్లో నేను కలగజేసుకోను. ఒక్కటే అడుగుతున్నాను. నీ కబురు నువ్వే ఫోన్లో చెప్పుకో. ఆ బరువు పిల్లాడిచేత మోయించబాక" అన్నారు. నాన్నకి కోపమొచ్చింది. "మా ఇంటి సంగతి ఊరికంతా చెప్పావా?" అని రాత్రి నామీద అరిచాడు. కానీ ఆ పై ఆదివారం నేను బస్సెక్కేటప్పుడు సంచిలో పచ్చిమిరపకాయలూ దోసకాయలూ పెట్టి, "చెప్పేదేం లేదు, పోయిరా" అన్నాడు. నేను నమ్మలేదు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏదైనా కేకేస్తాడేమోనని.

తర్వాత వాళ్ళు ఫోన్లో పోట్లాడుకున్నారు. చాలాసార్లు. కానీ వాళ్ళ పోట్లాట వాళ్ళదే అయింది. నా మార్కులు ఒక్కసారిగా పెరిగాయంటే అబద్ధం. పదిహేడు ముప్పయ్యొకటయింది, తర్వాత నలభై. తొమ్మిదో తరగతి చివరికి గాని అరవై దాటలేదు. విరిగిన చోట అతకడానికి అంత కాలం పట్టింది.

* * *

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నేను అమ్మ దగ్గరున్నాను. బస్సులు ఆగిపోయాయి. దాదాపు మూడు నెలలు అక్కడే. అప్పుడు చెల్లాయిని దగ్గరగా చూశాను. అది నిజంగా బాగా చదువుతోంది! నాకు సంతోషమూ కలిగింది, కొంచెం అసూయా కలిగింది. దీనికెలా కుదిరింది?

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉందని కొన్ని రోజులకి గాని అర్థం కాలేదు. చెల్లాయి ఉన్నప్పుడు నాన్నని ఎవరూ తిట్టకూడదు. మా మామయ్య నోరు జారితే అమ్మమ్మ ఊరుకునేది కాదు. "ఆళ్ళ నాయన చెడ్డోడు కాదురా, అప్పు చెడ్డది. పిల్లదాని ముందు అట్టా మాట్టాడబాక" అనేది. అమ్మమ్మకి సంతకం రాదు. ఏ సైకాలజీ పుస్తకమూ చదవలేదు. చెల్లాయికి ఏ కబురూ ఇచ్చి పంపలేదు. రాత్రి ఎనిమిదింటికి దాని మంచం, దాని దీపం, దాని పుస్తకం ఒకేచోట ఉండేవి.

దానికి దెబ్బ తగల్లేదని కాదు. బళ్ళో "మా నాన్న మిలిట్రీలో ఉన్నాడు" అని చెప్పిందట, రెండేళ్ళపాటు! ప్రోగ్రెస్ కార్డులో తండ్రి సంతకం గడి వచ్చినప్పుడల్లా దానికి కడుపునొప్పి వచ్చేది. గోళ్ళు కొరుక్కోవడం ఇప్పటికీ మానలేదు. కాని దాని చదువు చెక్కుచెదరలేదు. 2025లో పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో మంచి మార్కులతో ప్యాసయింది. నేను పదిలో ఉన్న 2021లో కోవిడ్ వల్ల పరీక్షలే రద్దు చేశారు. "నువ్వు పరీక్ష రాయకుండా ప్యాసయినోడివి, నాకు చెప్పబాక" అంటుంది ఇప్పుడు!

* * *

రెండు మొక్కలు చూసి సిద్ధాంతం చెయ్యకూడదని ప్రాక్టికల్స్‌లో మా లెక్చరర్లు నేర్పారు. అందుకని నాలుగూళ్ళవాళ్ళు ఏం తేల్చారో చూద్దామని లైబ్రరీ వెతికాను.

అమెరికాలో కాలిఫోర్నియాలో జుడిత్ వాలర్‌స్టైన్, జోన్ కెల్లీ అనే ఇద్దరు 1971లో, విడిపోతున్న 60 కుటుంబాలనూ, ఆ ఇళ్ళలోని 131 మంది పిల్లలనూ పరిశీలించడం మొదలుపెట్టారు. 1980లో పుస్తకం వేశారు. వాలర్‌స్టైన్ ఆ పిల్లల్ని పాతికేళ్ళు వదలకుండా కలుసుకుని, దెబ్బ చాలాకాలం ఉంటుందనే తేల్చారు. అయితే మొదట్లో ఆమె పోల్చి చూడటానికి విడిపోని కుటుంబాలను తీసుకోలేదు. మన భాషలో చెప్పాలంటే కంట్రోల్ లేదు. మేవిస్ హెదరింగ్‌టన్ అనే మరో ఆమె రెండు రకాల ఇళ్ళనూ ఏళ్ళ తరబడి పోల్చి చూసి, 2002లో పుస్తకం వెలువరించారు. విడిపోయిన ఇళ్ళ పిల్లల్లో నూటికి సుమారు 25 మందికి గట్టి ఇబ్బందులు కనిపించాయి. విడిపోని ఇళ్ళలో నూటికి సుమారు 10 మందికి. తేడా ఉంది, కాదనలేం. కాని నూటికి 75 మంది నిలదొక్కుకున్నారు! 1991లో పాల్ అమాటో, బ్రూస్ కీత్ అనేవారు 92 అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. చదువులో వెనుకబాటు ఉన్నా అది చిన్నదేనని తేలింది. పైగా, విడిపోకుండా ఒకే కప్పు కింద నిత్యం కొట్లాడుకునే ఇళ్ళ పిల్లలు, విడిపోయిన ఇళ్ళ పిల్లలకంటే వెనుకబడి ఉన్నారట.

అది అమెరికా, మనది పర్చూరు. నిజమే. అక్కడ కోర్టులో విడాకులు తీసుకుంటారు. ఇక్కడ చాలామంది కోర్టు గడప తొక్కరు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో విడాకులు పొందినవారు సుమారు 13 లక్షల 60 వేలమంది. విడాకులు లేకుండా విడిగా ఉంటున్నవారు దాదాపు 35 లక్షలు! మా అమ్మా నాన్నా ఆ రెండో లెక్కలోకి వచ్చే మనుషులు.

ఈ తేడాతో పిల్లలకి పని ఏమిటంటారా? ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 26వ సెక్షన్ ఉంది. కేసు నడిచేటప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వాళ్ళ పోషణ ఎలా, వాళ్ళ చదువు ఎలా అన్నది కోర్టు నిర్ణయించవచ్చు. అదీ వీలైనంతవరకు పిల్లల ఇష్టాన్ని అనుసరించి! చదువు అన్న మాట చట్టంలోనే ఉంది. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా వచ్చింది. కోర్టుకి వెళ్తే అంతా బాగుపడుతుందని నేననను. తిరగడానికే ఒక పంట డబ్బు చాలదు. కాని కోర్టులో అడగాల్సిన ప్రశ్న రామాలయం దగ్గర ఎందుకు అడగకూడదు? దానికి స్టాంపు డ్యూటీ లేదుగా!

* * *

బోటనీ విద్యార్థిని కాబట్టి మిరపనారు సంగతి చెప్పకుండా ముగించలేను.

నారు పోసిన ఆరు వారాలకి పీకి చేలో నాటతాం. పీకేటప్పుడు తల్లివేరు కొస తెగుతుంది. అయినా మొక్క చావదు. నాలుగురోజులు తల వాల్చి, పక్కవేర్లు పోసుకుని లేస్తుంది. చెల్లాయి అలాగే లేచింది. మరి ఏ నారు చస్తుంది? పీకి, కట్ట కట్టి, గట్టు మీద పడేసి మరిచిపోయిన నారు. అటు మడిలోనూ లేదు, ఇటు చాలులోనూ లేదు. వేరుకి ఎండ తగులుతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా ఆలస్యమే. ఏడో తరగతిలో నేను ఇంట్లోనే ఉన్నాను, కాని ఉన్నది గట్టు మీద.

కాబట్టి పెద్దలకి నా మనవి ఒక్కటే. కలిసి ఉండటం, విడిపోవడం మీ చేతిలోని సంగతి. అమ్మ ఆ ఇంట్లో ఇంకా ఉండాల్సిందని నేనెన్నడూ అనుకోలేదు. కాని పిల్లవాణ్ణి కబురు చెయ్యకండి, సాక్షిని చెయ్యకండి. పంచాయితీ కాగితంలో గేదెకి రెండు వాక్యాలుంటే పిల్లల చదువుకి నాలుగు వ్రాయండి. లెక్చరర్లకీ, రేపు మేష్టార్లు కాబోయే మిత్రులకీ కూడా ఒక మాట. వెనుకబెంచీలో సోమవారం దిక్కులు చూసే పిల్లవాణ్ణి మార్కులు అడిగేముందు, ఆదివారం ఏం చేశాడో అడగండి.

2021లో నల్ల తామరపురుగు మిరపపూత మీద పడి మా చేను మిగలలేదు. ఆ ఏడాది నా ఇంటర్మీడియట్ ఫీజు అమ్మే కట్టింది, కోల్డ్ స్టోరేజీల దగ్గర కాయలకి తొడిమలు తీసిన కూలిడబ్బుతో. నాన్నకి తెలిసి ఏమీ అనలేదు. తర్వాత పంట రాగానే అరెకరం కాగితాలు విడిపించి, తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. గుమ్మంలో నిలబడి ఇచ్చి, మంచినీళ్ళు తాగి వచ్చేశాడు. కలుస్తారేమోనని నేనూ చెల్లాయీ ఒక రాత్రంతా ఫోన్లో ఆశపడ్డాం. కలవలేదు. ఇంక కలవరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు బాపట్ల జిల్లాలోకీ, అమ్మ ఊరు పల్నాడు జిల్లాలోకీ పోయాయి. బస్సు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతోంది.

హాస్టలు నుంచి ఇంటికెళ్ళిన ఆదివారం ఇప్పటికీ నేను ఆ బస్సు ఎక్కుతాను. చేతిలో సంచి ఉంటుంది. సంచిలో నాన్న కోసిన పచ్చిమిరపకాయలు ఉంటాయి. కబురు మాత్రం ఉండదు.